పేద తల్లికి పైకము, బిడ్డకు బడి

ప్రతి దినము ఉదయమున ఉపాధ్యాయులు హాజరు పుస్తకము తెరచి పేర్లు పిలుచుదురు. పలికిన వారికొక గుర్తును, పలుకని వారికి వేరొక గుర్తును వేయుదురు. మన విద్యార్థులలో ననేకులకు ఇది పాఠశాలా మర్యాదలలో నొకటిగా మాత్రమే తోచును. కాని ఆ చిన్న గుర్తును బట్టియే ఒక యింట పొయ్యిమీది కుండలో గింజలు పడునా పడవా యను సంగతి తేలెడు దేశములు కలవు. బిడ్డ బడికి వచ్చినచో తల్లికి ప్రభుత్వమువారు పైకమిత్తురు; తగినన్ని దినములు రానిచో నిలుపుదురు. ఇట్టి యేర్పాటునకు షరతుతో గూడిన ధనసహాయమని పేరు. గడచిన ముప్పది సంవత్సరములలో ఇది లోకమున నెన్నియో దేశములకు వ్యాపించినది. దీనిని మొట్టమొదట దేశమంతటను నడపిన రాజ్యములలో మెక్సికో మిక్కిలి ప్రసిద్ధమైనది గనుక, ఆ వృత్తాంతమునే ముఖ్యముగా తీసికొని, ఈ షరతు ఎట్టిదో, ఎక్కడ పని చేసినదో, ఎక్కడ చేయలేదో మా పాఠకులకు వివరింపదలచినాము.

ముందుగా ఒక ప్రశ్న. జీతము లేని బడి యూరిలో నుండగా బీదవాని బిడ్డ దానికేల పోడు? తలిదండ్రులకు చదువు విలువ తెలియదని అనేకులు సులభముగా చెప్పివేయుదురు. మేమీ సమాధానమును ఒప్పుకొనజాలము. బడికి జీతము లేకపోయినను ఖర్చు లేకపోలేదు. బట్టలు, పుస్తకములు, దూరమైనచో బండి ఛార్జీ కావలయును. వీటన్నిటి కంటె పెద్ద ఖర్చు కంటికి కనబడనిది: బిడ్డ కూలికి పోయిన వచ్చెడి డబ్బు, బడికి పోయిన రాదు. పదేండ్ల బాలిక ఇంట నుండి చంటిపిల్లను ఎత్తుకొన్నచో తల్లి పొలమునకు పోగలదు. బాలిక బడికి పోయినచో తల్లి కూలి పోవును. మిరపకాయలు కోయు కాలమున మన పల్లెటూళ్ల పాఠశాలలలో బల్లలెందుకు ఖాళీయగునో యెరిగిన వారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. మెక్సికో పల్లెలలోను ఇట్లే యుండెను. ప్రాథమిక పాఠశాలలో ఆరవ తరగతి వరకు బిడ్డలు దాదాపుగా అందరును చదువుచుండిరి. ఆ తరువాతి మాధ్యమిక పాఠశాల పొరుగూరిలో నుండెను. అక్కడనే తీగ తెగిపోవుచుండెను. 1997వ సంవత్సరమునకు పూర్వము నిరుపేద పల్లెలలో ఆ యీడు బాలురలో నూటికి సుమారు 73 మందియు, బాలికలలో 67 మందియు మాత్రమే మాధ్యమిక పాఠశాలలో చేరియుండిరి.

అంతకు ముందు ఆ దేశపు ప్రభుత్వమువారు బీదల కేమియు చేయకుండిరని కాదు. మనకు వరియన్నము వలె వారికి మొక్కజొన్న రొట్టె నిత్యాహారము. ఆ రొట్టె ధర పెరుగకుండునట్లు బొక్కసమునుండి డబ్బు పోయుచుండిరి. కాని చవుక రొట్టెను బీదవాడెట్లు కొనునో ధనికుడును అట్లే కొనును. ఇంకను ఎక్కువ కొనును. పైగా కొండ పల్లెలలోని రైతుకూలి మొక్కజొన్నను తానే పండించుకొని, తన యింటనే రొట్టె చేసికొనును. అంగడి రొట్టె చవుకయైనందున వానికి కలిగిన లాభమేమి? ఆహారమునకై పెట్టిన ఖర్చులో పెద్దభాగము పట్టణములకే పోయెను. కటిక దారిద్ర్యమున నున్నవారిలో పెద్దభాగము పల్లెలలో నుండిరి. మన ఆంధ్రదేశములో 1983లో ప్రారంభమైన కిలో 2 రూపాయల బియ్యము కార్డు గల కుటుంబమునకే లెక్క ప్రకారము అందెడిది గనుక ఈ దోషము కొంత తగ్గినది. మెక్సికోలో రొట్టె ధరకు అట్టి గట్టు లేదు.

1994 డిశంబరులో ఆ దేశపు నాణెము విలువ ఒక్కసారిగా పడిపోయెను. మరుసటి సంవత్సరము దేశపు ఉత్పత్తి నూటికి 6 వంతులు తగ్గెను. పనులు పోయి, ధరలు పెరిగి, బీదల స్థితి మరింత దీనమయ్యెను. అప్పుడు అధ్యక్షుడైన ఎర్నెస్టో సెదీయో ప్రభుత్వములో, ఆర్థికశాఖ ఉపమంత్రియగు సాంటియాగో లెవీ యను ఆర్థికశాస్త్రజ్ఞుడును, జనసంఖ్యాశాస్త్రజ్ఞుడగు హోసే గోమెస్ దె లెయోన్ అనునాతడును కలసి ఒక ఆలోచన చేసిరి. వస్తువు ధర తగ్గించుటకు మారుగా, బీద కుటుంబమును గుర్తించి, ఆ యింటి తల్లి చేతికే పైకమిచ్చినచో నేమి? అట్లిచ్చిన పైకము నేటి ఆకలిని తీర్చుటయే గాక రేపటి దారిద్ర్యమును గూడ తగ్గించునట్లు, బిడ్డల చదువునకును ఆరోగ్యమునకును దానిని ముడివేసినచో నేమి? 1995లో కాంపెచే రాష్ట్రములో దీనిని చిన్నగా పరీక్షించిరి. 1997 ఆగష్టులో పల్లెలయందు ప్రోగ్రెసా అను పేరున ప్రారంభించిరి. పథకమను మాటకు విద్య, ఆరోగ్యము, ఆహారము అను మూడు మాటల మొదటి యక్షరములను వారి భాషలో చేర్చగా వచ్చిన పేరది.

దాని ఏర్పాటు ఇట్టిది. మూడవ తరగతి మొదలుకొని తొమ్మిదవ తరగతి వరకు చదువుచున్న ప్రతి బిడ్డ పేరను తల్లికి విద్యార్థివేతన మిత్తురు. ఈ వేతనము తరగతి తరగతికి పెరుగును. 1998లో మూడవ తరగతి బిడ్డకు నెలకు సుమారు 70 పెసోలు. మాధ్యమిక పాఠశాల మూడవ సంవత్సరము చదువు బాలికకు సుమారు 255 పెసోలు. ఇట్లు పెంచుటకు కారణము స్పష్టమే: బిడ్డ పెద్దదైన కొలది కూలి పెరుగును, కూలి పెరిగిన కొలది బడి మానుటకు ఆశ పెరుగును. ఆ పై తరగతి వేతనము పొలముకూలి చేయు పెద్దవాని సగటు సంపాదనలో దాదాపు సగముండెను. మాధ్యమిక తరగతులలో బాలురకంటె బాలికలకు కొంచెమెక్కువ యిచ్చిరి. ఏలయన, అక్కడ బడి మానుచున్న వారిలో బాలికలే యెక్కువ. దీనికి తోడు ఆహారమునకై ప్రతి కుటుంబమునకు కొంత పైకమును, గర్భిణీస్త్రీలకును చిన్నబిడ్డలకును బలమిచ్చు జావపిండియు నిచ్చుచుండిరి.

షరతులు రెండు తెగలవి. బిడ్డ నూటికి 85 దినములు బడిలో నుండవలయును. ఇంటిల్లిపాదియు నియమిత కాలములయందు ఆరోగ్యకేంద్రమునకు పోయి పరీక్ష చేయించుకొనవలయును. చంటిబిడ్డలను తూచి టీకాలు వేయింపవలయును. తల్లి ఆరోగ్యోపన్యాసములకు హాజరు కావలయును. పాఠశాలవారును ఆరోగ్యకేంద్రమువారును ఇచ్చిన లెక్కను బట్టి రెండు నెలలకొకసారి పైకము వచ్చెడిది. ఆ దినమున పొరుగు పట్టణములో బల్లలు వేసి, తంతితపాలా శాఖవారి ద్వారా పంచుచుండిరి. తల్లులు వేకువనే లేచి, చంకను బిడ్డతో మైళ్లకొలది నడచి వచ్చి, వరుసలో నిలుచుచుండిరి. ఆమె పెనిమిటి పేరున గాక ఆమె పేరుననే రావడము ఆ పల్లెలకు క్రొత్త సంగతి. తల్లి చేతి డబ్బు బిడ్డ కడుపునకు పోవునని ఆ పెద్దలు నమ్మిరి. సగటున ఈ సహాయము ఒక కుటుంబపు ఖర్చులో నూటికి 20 వంతులకు సరిపోయెను. సోమరులను పోషించుటకు ఇది చాలదు; ఒక బాలికను పొలమునుండి బడికి మరలించుటకు చాలును.

బీదలెవరో యేర్పరచుట ఎట్లు? ఇది చెప్పినంత సులభము కాదు. మొదట జనాభా లెక్కలను బట్టి వెనుకబడిన పల్లెలను ఎంచుకొనిరి. తరువాత ఇంటింటికి పోయి, నేల మట్టిదా, గది యొక్కటికి ఎందరు పడుకొందురు, ఇంట నేయే సామానులు గలవు అని అడిగి వ్రాసికొని, ఒక సూత్రము చొప్పున గుణించి, ఈ యిల్లు బీదది, ఆ యిల్లు కాదు అని తేల్చిరి. గ్రామపెద్దల సిఫారసునకు చోటు లేకుండ చేయవలెనని వారి తలంపు. అది మంచిదే. కాని అందరును దాదాపు బీదలే యైన పల్లెలో, పక్కపక్క గుడిసెల నడుమ ఈ సూత్రము గీచిన గీత యెవరికిని అర్థము కాలేదు. "ఆమెకు వచ్చెను, నాకేల రాలేదు" అను మాట ఇంటింటను వినబడెను. ఒకేచోట నీళ్లు తోడుకొను స్త్రీల మధ్య ఎడము పెరిగెనని ఆ పల్లెలలో విచారించిన వారు వ్రాసిరి. ఇట్లు విడువబడిన కుటుంబములను కొన్నిటిని తరువాత చేర్చవలసి వచ్చెను.

ఈ పనిలో మాకు మిక్కిలి ముచ్చట గొలుపునది వేరొకటి కలదు. పథకము ఫలించినదో లేదో నిజముగా తెలిసికొనుటకై దానిని ప్రారంభించినవారే ఒక పరీక్ష నేర్పరచిరి. ఏడు రాష్ట్రములలో 506 పల్లెలను తీసికొని, చీట్లు వేసినట్లుగా వాటిని రెండు భాగములు చేసి, 320 పల్లెలలో 1998లోనే సహాయము మొదలుపెట్టిరి. మిగిలిన 186 పల్లెలలో 1999 సంవత్సరాంతమున గాని మొదలుపెట్టలేదు. సుమారు 24,000 కుటుంబములను మాటిమాటికి ప్రశ్నించి, రెండు భాగములను పోల్చి చూచిరి. దేశమునకంతకు ఒక్కసారిగా ఇచ్చుటకు ధనము లేనందున ఎవరైనను కొంతకాలము ఆగవలసియే యుండెను. ఆ ఆగుటను జ్ఞానసంపాదనకు ఉపయోగించిరి. అయినను, ఆ 186 పల్లెలలో ఆరవ తరగతి ముగించి ఆ రెండేండ్లలో బడి మానిన బాలిక కోల్పోయిన దానిని మరల నెవరు నీయగలరు? ఈ ప్రశ్నను మేము తేలికగా దాటలేకున్నాము.

పరీక్షాఫలములు ఇట్లుండెను. మాధ్యమిక పాఠశాలలో చేరిన బాలికలు నూటికి 67 నుండి సుమారు 75కును, బాలురు 73 నుండి సుమారు 78కిని పెరిగిరి. అయిదేండ్ల లోపు బిడ్డలకు వచ్చు జబ్బులు నూటికి 12 వంతులు తగ్గెను. రెండు మూడేండ్ల బిడ్డలు ఇతరులకంటె సుమారు ఒక సెంటిమీటరు పొడవు పెరిగిరి. ఒక సెంటిమీటరు ఎంత మాత్రమని నవ్వవలదు. చిన్ననాట తిండి చాలక గిడసబారిన శరీరము తరువాత ఎంత తిన్నను ఆ లోటును పూర్తిగా పూడ్చుకొనదు. తల్లిదండ్రులు ఆ పైకమును త్రాగి పాడుచేయుదురేమోయని భయపడినవారి భయము నిజము కాలేదు. ఎక్కువ తినిరి, మంచివి తినిరి. కూరగాయలు, పండ్లు, మాంసము పళ్లెములో కనబడెను. పెద్దలు పని మానుకొనలేదు.

ఒక్క విషయములో మాత్రము ఫలము నిరాశ కలిగించెను. బడిలో నెక్కువమంది చేరిరి గాని, పరీక్షలు పెట్టి చూడగా వారి తెలివి అదే తీరున పెరిగినట్లు కనబడలేదు. ఇందుకు ఆశ్చర్యపడ నక్కరలేదు. పైకము బిడ్డను తరగతి గుమ్మము వరకే తెచ్చును. లోపల ఒక్క ఉపాధ్యాయుడు మూడు తరగతులకు చెప్పుచున్నచో, నల్లబల్ల పగిలియున్నచో, ఆ బిడ్డ వచ్చి కూర్చుండియు ఏమి నేర్చును? హాజరు కొలుచుట సులభము; నేర్చుకొనిన దానిని కొలుచుట కష్టము; దానిని కలిగించుట మరింత కష్టము.

ఇంతకంటె కఠినమైన లోపము వేరొకటి యుండెను. బడికి పోవలెనని షరతు పెట్టినందున, అందుబాటులో బడియు ఆరోగ్యకేంద్రమును లేని పల్లెను మొదట ఈ పథకములో చేర్చుకొనలేదు. న్యాయముగా చూచినచో అది సరియే. లేని బడికి పొమ్మని యెవరిని అడుగగలము? కాని ఫలమేమయ్యెను? కొండల నడుమ, త్రోవ లేని కుగ్రామములలో, అందరికంటె దీనులైన వారే సహాయము లేక మిగిలిపోయిరి. షరతు తల్లిని మాత్రమే కట్టలేదు. ప్రభుత్వమును గూడ కట్టవలసియుండెను. "నీవు బిడ్డను బడికి పంపుము" అను మాటకు ముందు "నేను బడి కట్టెదను, ఉపాధ్యాయుని పంపెదను, వైద్యశాలలో మందులుంచెదను" అను మాట యుండవలెను. తల్లి మాట తప్పినచో రెండు నెలలలో శిక్ష పడును. ప్రభుత్వము మాట తప్పినచో శిక్ష యెవరికి? అదియును తల్లికే.

స్త్రీలపై పడిన భారమును గురించి కూడ చెప్పవలసియున్నది. ఆరోగ్యోపన్యాసములు, తూనికలు, సభలు, పైకము తెచ్చుకొనుటకు ప్రయాణము, ఇవన్నియు తల్లి దినములే. కొన్నిచోట్ల ఆరోగ్యకేంద్రము ఊడ్చుట, వీధులు శుభ్రము చేయుట వంటి పనులను గూడ, నియమములలో లేకపోయినను, షరతులోని భాగమే యన్నట్లు ఆమెచేత చేయించిరి. పేరు కొట్టివేయుదురేమోయను భయమున ఆమె మారు పలుకలేదు. తండ్రిని మాత్రమెవరును సభకు పిలువలేదు.

అట్లైనచో షరతు లేకయే పైకమిచ్చిన నేమి? ఈ ప్రశ్న కేవలము వాదముగా నుండిపోలేదు, పరీక్షింపబడినది. ఆఫ్రికాలోని మలావీ దేశమున జోంబా జిల్లాలో 2008, 2009 సంవత్సరములలో కొందరు యువతులకు బడి షరతుతోను, కొందరికి షరతు లేకయు నెలనెల పైకమిచ్చి చూచిరి. బడిలో నిలుచుట, పాఠములు నేర్చుట అను విషయములలో షరతు గలవారే మేలుగా నుండిరి. కాని చిన్నతనపు పెండ్లియు, గర్భమును తగ్గినది షరతు లేనివారిలో. కారణము గ్రహింపదగినది: బడి మానివేసిన యువతికి షరతు గల సహాయము ఆగిపోయెను, షరతు లేని సహాయము ఆమె చేతిలో నిలిచెను, ఆ నాలుగు డబ్బులున్నందున ఆమె తొందరపడి పెండ్లికి తల యొగ్గనక్కర లేకపోయెను. మొరాకో దేశమున వేరొక తీరు చూచిరి. అక్కడ కొన్ని పల్లెలలో "ఇది బిడ్డల చదువు డబ్బు" అని చెప్పి యిచ్చిరి గాని, హాజరుతో ముడిపెట్టలేదు. అట్టిచోట కూడ బడి మానుట బాగుగా తగ్గెను; షరతు గలచోట అంతకు మించిన మేలేమియు కనబడలేదు. పైకము తండ్రి చేతికిచ్చినను తల్లి చేతికిచ్చినను అక్కడ పెద్ద భేదము లేకపోయెను. ఒక దేశమున నిజమైనది వేరొక దేశమున అట్లే నిజము కాదని దీనివలన తెలియుచున్నది.

బ్రెజిల్ దేశమువారు షరతును ఉంచికొనియే దాని ముల్లును కొంత విరిచిరి. అచ్చట కాంపినాస్ పట్టణమునను, రాజధానీ ప్రాంతమునను 1995లోనే ఇట్టి సహాయములు పుట్టినవి. 2003లో అధ్యక్షుడు లూలా వాటిని కలిపి బోల్సా ఫమీలియా అను పెద్ద పథకము చేసెను. ఒకప్పుడది సుమారు 1 కోటి 40 లక్షల కుటుంబములకు చేరుచుండెను. 2021లో పేరును రూపమును మార్చుకొని, 2023లో మరల పూర్వనామముతో వచ్చినది. ఆరు మొదలు పదునెనిమిదేండ్ల లోపు బిడ్డలు నూటికి 75 దినములు బడిలో నుండవలెనని నేటి నియమము. నాలుగైదేండ్ల వారికి 60. బిడ్డ రాకున్నచో వెంటనే పైకము తెగకొట్టరు. మొదట హెచ్చరిక, తరువాత కొంతకాలము ఆపుట, కొట్టివేయుట చిట్టచివర. ఈ నడుమ సంఘసేవా కార్యాలయమువారు ఆ యింటికి పోయి, ఏమి కష్టము వచ్చెనని విచారింపవలెను. బిడ్డ రాకపోవుట తప్పు అని గాక, ఆ యింట నేదో జరిగినదనుటకు గుర్తు అని గ్రహించిరి. తండ్రి జబ్బు పడియుండవచ్చును, ఇల్లు కూలియుండవచ్చును, బిడ్డ పనికి కుదిరియుండవచ్చును. అట్టి సమయముననే పైకము కావలసియుండగా, అట్టి సమయముననే తీసివేయుట యెట్టి ధర్మము? విచారింపక కొట్టివేయు షరతు, మా యభిప్రాయమున, జ్వరము చూచు గాజుగొట్టమును పట్టుకొని రోగిని కొట్టినట్లుండును.

ఇచ్చట ఉపాధ్యాయుల సంకటమును చెప్పక తప్పదు. తన గుర్తువలన ఒక తల్లి పైకము పోవునని యెరిగిన ఉపాధ్యాయుడు ఏమి చేయును? నిజము వ్రాసిన నొక యిల్లు పస్తుండును. అబద్ధము వ్రాసిన పుస్తకమునకు విలువ పోవును. బడి మానిన బిడ్డ కనబడకుండపోవును. దయాళువైనవాడు రెండవ దానిని ఎంచుకొన్నచో మేము వానిని కఠినముగా నిందింపలేము. కాని నిజమైన గుర్తు వేసినందున ఎవరి కూడును వెంటనే పోదని తెలిసినచోట ఉపాధ్యాయుడు నిర్భయముగా నిజము వ్రాయును. బ్రెజిల్ పద్ధతిలో నున్న లాభములలో ఇదియు నొకటి.

మన తెలుగుదేశమునకు కూడ ఈ పద్ధతి క్రొత్తది కాదు. ఆంధ్రప్రదేశములో 2020 జనవరిలో అమ్మఒడి యను పేరున, ఒకటవ తరగతి మొదలు ఇంటర్మీడియేటు వరకు చదువు బిడ్డ గల బీద తల్లికి సంవత్సరమునకు 15,000 రూపాయలు ఇచ్చుట ప్రారంభమయ్యెను. హాజరు నూటికి 75 ఉండవలెనని నియమము. తల్లికొక బిడ్డకు మాత్రమే ఇచ్చెడివారు. ప్రభుత్వము మారిన తరువాత, 2025 జూనులో తల్లికి వందనము అను పేరున, ఇంట చదువు ప్రతి బిడ్డకును ఇచ్చుట మొదలైనది. 15,000లో 2,000 రూపాయలు పాఠశాలల బాగునకై తీసి, మిగిలినది తల్లి ఖాతాలో వేయుదురు. రెండు ప్రభుత్వములవారును తల్లి పేరునే ఎంచుకొనుట మెచ్చదగినది. మెక్సికోతో పోల్చినచో రెండు భేదములు మాకు కనబడుచున్నవి. ఒకటవ తరగతి బిడ్డకును ఇంటర్మీడియేటు విద్యార్థినికిని ఇచ్చట ఒకే మొత్తము. అచ్చట తరగతితోబాటు పెరుగుచుండెను. ఆరేండ్ల బిడ్డను కూలికి పిలుచు వారెవరును లేరు. పదునారేండ్ల బాలికను పొలమును పిలుచును, పెండ్లియు పిలుచును. రెండవది, ఇచ్చట సంవత్సరమున కొక్కసారి. అచ్చట రెండు నెలలకొకసారి. ఒక్కసారి వచ్చిన పెద్ద మొత్తము అప్పు తీర్చుటకును, ఇంటి కప్పు వేయుటకును ఉపయోగపడును, అది నిజమే. కాని కోతల నెలలో బిడ్డను బడిలో నిలుపుటకు జూనులో వచ్చిన పైకము అప్పటికి మిగిలియుండునా? మా పాఠకులలో తల్లులైనవారు దీనిని మాకంటె బాగుగా చెప్పగలరు.

తుదకు మెక్సికో పథకమేమైనదో చెప్పవలసియున్నది. 2000 సంవత్సరమున ఆ దేశమున 71 సంవత్సరములుగా ఏలిన పక్షము ఓడిపోయెను. క్రొత్త అధ్యక్షుడు విసెంటె ఫాక్స్ పాతవారి పనిని కొట్టివేయుననుకొన్నవారు అనేకులు. కాని పరీక్షాఫలములు కన్నులకెదుట నుండుటచేత అతడు దానిని నిలిపి, 2002లో పేరు మాత్రము మార్చి, పట్టణములకును పై తరగతులకును విస్తరింపజేసెను. 2014లో మరల పేరు మారి ప్రోస్పెరా అయ్యెను. అప్పటికి 60 లక్షలకు మించిన కుటుంబములు అందులో నుండెను. 2019లో అధ్యక్షుడు లోపెస్ ఒబ్రదోర్ దానిని ముగించి, బెనీతో హువారెస్ పేరున విద్యార్థివేతనములను పెట్టెను. ప్రాథమిక, మాధ్యమిక తరగతుల వారికి ఆ వేతనము మొదట కుటుంబమున కొక్కటిగా వచ్చెను. ఆరోగ్యకేంద్రపు షరతు తీసివేయబడెను. వరుసలో నిలుచు శ్రమ తల్లులకు తగ్గినది. చంటిబిడ్డను తూచుటకు పిలుచువారును లేకపోయిరి.

1997లో మూడవ తరగతిలో నున్న బాలికలు నేడు ముప్పదియైదేండ్లు దాటిన స్త్రీలు. చిన్ననాటనే ఈ సహాయము పొందిన ప్రాంతముల స్త్రీలను, ఆలస్యముగా పొందిన ప్రాంతముల వారితో పోల్చి చూచిన పరిశోధకులు 2018లో తమ ఫలములను ప్రకటించిరి. ముందు పొందినవారు ఎక్కువ చదివిరి, ఎక్కువమంది జీతపు పనులలో చేరిరి, ఎక్కువ సంపాదించిరి, వారి యిండ్లలో సామానులును ఎక్కువ కనబడెను. వారిలో కొందరు పుట్టిన పల్లె విడిచి పనులు దొరకు చోటికి తరలిపోయిరి.